పర్వత సైకిళ్ళ డిస్కు బ్రేకులలో ప్యాడ్ల బిగింపు

పర్వత సైకిళ్ళ డిస్కు బ్రేకులో ప్యాడ్లు కాలిపర్ అనే లోహపు దిమ్మెలో, చక్రంతో తిరిగే డిస్కుకు ఇరుప్రక్కలా ఉంటాయి. బ్రేకు వేసినపుడు డిస్కు ప్యాడును తనతోపాటు లాగుతుంది. ఆ బలాన్ని భరించేది ప్రధానంగా కాలిపర్ లోపలి గోడ. ప్యాడ్లు జారిపోకుండా ఆపడమే పిన్ను పని. పని చిన్నదే అయినా, పిన్ను ఊడి ప్యాడు పడిపోతే ఏటవాలు దారిలో ఆ చక్రానికి బ్రేకు ఉండదు.

అన్నిటికంటే చవకైనది స్ప్లిట్ పిన్ను. దీనిని రెండు ప్యాడ్ల రంధ్రాలగుండా దూర్చి, కొనను వంచుతారు. పదేపదే వంచితే లోహం అలసి విరుగుతుంది. కనుక ప్యాడ్లు మార్చినపుడు పిన్నును కూడా మార్చడం మేలు.

షిమానో ఎక్స్‌టి, ఎక్స్‌టిఆర్ వంటి ఖరీదైన రకాలలో మరలున్న పిన్ను వాడతారు. అదిరి వదులైనా పడిపోకుండా దాని కొనకు చిన్న క్లిప్పు ఉంటుంది. ఈ క్లిప్పును తిరిగి పెట్టడం మరచిపోతే మరపిన్ను వలన కలిగే లాభంలో సగం పోయినట్లే.

2000ల దశకంలో వచ్చిన ఆవిడ్ జ్యూసీ బ్రేకులలో పిన్ను లేదు. ప్యాడ్ల నడుమ ఉండే స్ప్రింగే వాటిని పట్టి ఉంచేది. వాటిని తీయడానికి చక్రం విప్పాలి.

మగూరా ఎంటి శ్రేణిలో పిస్టన్లలోని అయస్కాంతాలు ప్యాడ్లను అంటిపెట్టుకొంటాయి. అందువలన ప్యాడ్లను వెనుకకు నెట్టే స్ప్రింగు అవసరం లేదు. అయినప్పటికీ తయారీదారు అయస్కాంతాన్ని మాత్రమే నమ్ముకోలేదు, అడ్డంగా ఒక మరను కూడా ఉంచాడు.