సంఘసేవకుని చూపు: శ్రీహరికోట యానాదుల చరిత్ర నేర్పు పాఠము

సూళ్లూరుపేటనుండి తూర్పుగా సాగు బాట పులికాటు సరస్సు నడుమగా శ్రీహరికోటకు చేరును. ఆ పేరు వినినంతనే నేడు మనకు స్ఫురించునది రాకెట్టు. కాని అంతకు పూర్వము చిరకాలము ఆ దీవి యానాదులకు నెలవు. వారికి మేలు చేయబూనినవారి చరిత్రను సంఘసేవ చేయగోరు మన మొకమారు తిరిగి చూచుకొనవలసి యున్నది.

1835లో శ్రీహరికోట కంపెనీ సర్కారు అధీనమైనది. యానాదులు అడవిలో తేనెయు, వెదురును, ఎర్రని అద్దకమునకు పనికివచ్చు చిరివేరును సేకరించి సర్కారున కిచ్చుచు, ప్రతిఫలముగా బియ్యము పొందుచుండిరి. ఏ వేరు ఎచ్చట దొరకునో, ఏ మూలిక ఏ రోగమునకు వాడవలెనో వారికి తెలియును. ఆ యెరుకమీదనే సర్కారు రాబడి నడచినది. అయినను దొరల కాగితములలో వారు సగము అనాగరికులుగనే మిగిలిరి. ఆ దొరలకు దయ లేదనలేము. ఎదుటివారి విద్యను విద్యగా గుర్తించు చూపు మాత్రము లేకపోయెను.

తరువాత కాలమున ఆ దయయు కరవైనది. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. నెల్లూరు సీమలోని యానాదులు దాని వాతబడిరి. పుట్టుకయే నేరమన్నట్లు, ఏ తప్పు నెరుగనివారిపై సైతము పోలీసుల నిఘా పడినది. నెల్లూరు మండలమున యానాదుల కొరకు జీవితము ధారవోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ చట్టముపై పోరాడిరి. అది మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయ్యెను. రాఘవయ్యగారు 1962లో 'ది యానాదీస్' అను గ్రంథమును ప్రకటించిరి. సేవించువారిని ముందు తెలిసికొనవలెనను నియమమునకు ఆ గ్రంథమే సాక్షి.

చట్టము పోయినను చూపు మారినదా? ఊరివారి యిండ్లలో వంటపని చేయువారు 'మంచి యానాదులు', కప్పలను తినువారు 'కప్పల యానాదులు' అను విభాగములు పాత గ్రంథములలో కలవు. ఈ 'మంచి' ఎవరి కొలత? ఊరివారిదే కదా! పొలములో ఎలుక కన్నములు త్రవ్వు యానాదిని చూచి మనలో కొందరు ముక్కు మూసికొందురు. వరిచేను కాపాడుకొనవలసిన రైతు మాత్రము అతనిని పిలిపించుకొనును. మన అసహ్యమును వారి లోపముగా వ్రాసికొనుట సేవ కాజాలదు.

1969లో రాకెట్టు కేంద్రమునకై శ్రీహరికోటను ఎన్నుకొనిరి. 1971లో తొలి రాకెట్టు ఎగసినది. దేశమునకు కీర్తి వచ్చినది. యానాది కుటుంబములు మాత్రము తమ అడవి నెలవులను వీడవలసి వచ్చినది. పోయిన గుడిసెకు వెల కట్టవచ్చును. తరతరముల అడవి యెరుకకు ఏ లెక్కలో వెల కట్టుదుము?

నేడు యానాదులు షెడ్యూల్డు తెగలలో నున్నారు. సూళ్లూరుపేట 2022 నుండి తిరుపతి జిల్లాలో నున్నది. ధ్రువపత్రములు, ఇండ్ల స్థలములు, బడులు — ఇవన్నియు కావలసినవే. వాటిని సాధించిపెట్టుట సేవకుని ధర్మము. అయితే వారి గూడెమునకు పోవునపుడు మనము నింపవలసిన కాగితమును కొంతసేపు మడిచియుంచి, 'మీకేమి కావలెనయ్యా?' అని అడిగి, వారు చెప్పునది తుదివరకు వినవలెను. వినిన పిదప మన ఏర్పాటు మార్చుకొనవలసి వచ్చినచో మార్చుకొనవలెను. దాదాపు రెండువందల యేండ్లుగా వారికి మేలు చేయవచ్చినవారిలో అట్లు అడిగినవారు బహు కొలది.