బీజింగ్ లోగిలిలో చిన్న కళా ప్రదర్శనశాల: పరిరక్షణలో కాలనిర్ణయ సమస్య

ప్రాచీన గృహాన్ని ప్రజోపయోగానికి మలచేటప్పుడు దాని చరిత్రలో ఏ దశను కాపాడాలన్నది మౌలికమైన ప్రశ్న. బీజింగ్‌లోని చార్ హుటాంగ్ 8వ నంబరు లోగిలి ఈ ప్రశ్నకిచ్చిన సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఉత్తర చైనా సంప్రదాయ గృహాన్ని సిహెయువాన్ అంటారు. నడుమ ఆరుబయలు, దానికి నాలుగు వైపులా గదుల వరుసలు ఉంటాయి. ఉత్తరాన దక్షిణాభిముఖంగా ఉండే ప్రధాన గృహం కుటుంబ పెద్దలది. తూర్పు, పడమటి గృహాలు సంతానానివి. కుటుంబంలోని పెద్దాచిన్నా వరుసే ఆ కట్టడపు అమరికలో గోచరిస్తుంది.

1949 తరువాత ఒక్కొక్క లోగిలిని అనేక కుటుంబాలు పంచుకోవలసివచ్చింది. 1976 నాటి తాంగ్షాన్ భూకంపం తరువాత ఆరుబయళ్లలో వేసుకున్న తాత్కాలిక ఆశ్రయాలు చాలాచోట్ల స్థిరపడిపోయాయి. కుటుంబానికొక వంటగది వెలియడంతో నడిమి ఖాళీ కుంచించుకుపోయింది. ఇటువంటి ఇరుకు లోగిళ్లకే దాజాయువాన్ అని పేరు. పునరుద్ధరణ పేరుతో జరిగే పనుల్లో తరచుగా తొలగిపోయేవి ఈ వంటగదులే.

డజనుకు పైగా కుటుంబాలు నివసించిన చార్ హుటాంగ్ లోగిలిలో వాస్తుశిల్పి జాంగ్ క మరో మార్గాన్ని ఎంచుకున్నారు. పాత ఏటవాలు కప్పు కింద ప్లైవుడ్‌తో 9 చదరపు మీటర్ల బాలల గ్రంథాలయాన్ని అమర్చారు. పెద్ద హువాయ్ చెట్టు కింద ఉన్న ఒక వంటగదిని సంప్రదాయమైన నీలి బూడిదరంగు ఇటుకతో 6 చదరపు మీటర్ల కళా ప్రదర్శనశాలగా మలిచారు. దాని పైకి మెట్లు ఎక్కితే చెట్టు కొమ్మల నడుమకు చేరవచ్చు. ఈ నిర్మాణానికి 2016లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది.

ఇక్కడ ప్రదర్శనశాల పరిమాణాన్ని నిర్ణయించింది కళావస్తువులు కావు, ఒకనాటి కుటుంబ అవసరం. అయితే ఆ వంటగదులు కొరతకు గుర్తులు కాబట్టి, వాటిని నిలపడం ఇరుకు బతుకును అందంగా చూపడమే అవుతుందన్న ఆక్షేపణకు అవకాశముంది. ఆ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేము. కానీ వాటిని తుడిచివేస్తే సంపన్న గృహస్థుని లోగిలి మాత్రమే చరిత్రగా మిగులుతుంది. తరువాతి దశాబ్దాలలో అక్కడ వండుకుని బతికిన సామాన్యుల ఆనవాలు ఉండదు.

కాబట్టి ఈ లోగిలిలో పరిరక్షణ అంటే తొలి రూపానికి మరలడం కాదు. తరువాతి కాలపు పొరలను కూడా చారిత్రక ఆధారాలుగా అంగీకరించడం.