పడని పాలు

మా ఇంట్లో "వాడికి పాలు పడవు" అనేవాళ్ళు, అంతే. గ్లాసుడు తాగితే గంటలో కడుపుబ్బరం, గుడగుడలు. గడ్డపెరుగు ఎంత తిన్నా ఏమీ అయ్యేది కాదు. హాస్టల్లో మాత్రం పాలు వద్దంటే వేషాలన్నారు. ముప్పై దాటాక డాక్టరుగారు దానికి లాక్టోస్ ఇన్‌టాలరెన్స్ అని పేరు పెట్టారు. నాలో ఏదో లోపం ఉందనుకుని చదవడం మొదలుపెట్టాను.

పాలల్లోని చక్కెర లాక్టోస్. చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని విడగొడితేనే ఒంటికి పడుతుంది. ఎంజైము చాలకపోతే లాక్టోస్ అరగకుండా పెద్దపేగుకి చేరి నీటిని లాక్కుంటుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. ఇది ఎలర్జీ కాదు, రోగనిరోధక వ్యవస్థకి ఇందులో పనిలేదు. తల్లిపాలు మానాక ఈ ఎంజైము తగ్గిపోవడం క్షీరదాలకి మామూలే.

పాశ్చాత్య వైద్యులు మాత్రం తమ చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, పెద్దయ్యాక కూడా పాలు అరగడమే సహజమనుకున్నారు. 1960ల మధ్యలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పరీక్షిస్తే, నల్లజాతివాళ్ళలో ఎక్కువమందికి, తెల్లవాళ్ళలో కొద్దిమందికే ఎంజైము తక్కువని తేలింది. తర్వాత దేశదేశాల లెక్కలు చేరాయి. ప్రపంచంలో పెద్దవాళ్ళు మూడింట రెండు వంతులమంది నాలాంటివాళ్ళే. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు ఎంజైము ఆగిపోకుండా చేసే జన్యుమార్పుని పట్టుకున్నారు. అంటే మార్పు జరిగింది పాలు అరిగేవాళ్ళలో, నాలో కాదు.

మరి ఆ మార్పు రాకముందు యూరప్ వాళ్ళు పాలు ముట్టలేదా? పోలండ్‌లో ఏడువేల ఏళ్ళనాటి చిల్లుల కుండపెంకులు దొరికాయి. అవి చీజ్ వడగట్టే పాత్రలని పీటర్ బొగుక్కి 1980ల్లో ఊహించాడు. 2012లో ఆ పెంకుల్లో ఇంకిన పాలకొవ్వు బయటపడింది. ఆ కాలపు యూరప్ రైతుల ఎముకల్లోని డీఎన్ఏలో మాత్రం ఈ మార్పు దాదాపు కనబడదు. చీజ్ చేసేటప్పుడు విరుగుడు నీళ్ళతోపాటు లాక్టోస్ చాలావరకు పోతుంది. ఒంట్లో ఎంజైము లేని లోటుని కుండ తీర్చిందన్నమాట.

మన ఇళ్ళల్లో ఆ పని తోడుచుక్క చేస్తుంది. పెరుగులోని బాక్టీరియా లాక్టోస్‌ని కొంత ముందే తినేస్తుంది, మిగతాది అరగడానికి పేగులోనూ సాయపడుతుంది.

"పడదు" అన్న మాట ఇప్పుడు నాకు ఇన్‌టాలరెన్స్ కన్నా నచ్చుతోంది. అత్తాకోడళ్ళకి పడదంటాం, తప్పెవరిదో తేల్చం. మా అబ్బాయి ఈమధ్య పాలగ్లాసు పక్కకి నెడుతున్నాడు. వేషాలని నేను అనడంలేదు, తోడు పెడుతున్నాను.