ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్‌కు ముందే లాయర్‌ను కలవండి

రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదే అనుకుంటాం. అమ్మేవారికే హక్కు లేకపోతే రిజిస్టర్ అయిన దస్తావేజూ కాపాడదు. తరచూ వచ్చే సందేహాలకు సమాధానాలివి.

లాయర్ ఏం చూస్తారు?
లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అనుమతి, ఆస్తి పన్ను రసీదులు పరిశీలిస్తారు. లీగల్ ఒపీనియన్‌ను రాతపూర్వకంగానే తీసుకోండి.

ఈసీ క్లియర్‌గా ఉంటే చాలదా?
చాలదు. అందులో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. నోటరీ అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వారసుల వాటాలు బయటపడకపోవచ్చు.

బ్యాంకు లోన్ ఇస్తోంది కదా, వేరే లాయర్ ఎందుకు?
బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు అప్పుకు భద్రత ఉందా అని. మీ తరఫున చూసేవారు వేరే ఉండాలి.

జీపీఏ మీద కొనొచ్చా?
జీపీఏ ఒక్కదానితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. రిజిస్టర్డ్ సేల్ డీడ్ తప్పనిసరి. దానిపై జీపీఏ హోల్డర్ సంతకం చేస్తుంటే, అసలు యజమాని బతికే ఉన్నారా, జీపీఏ రద్దయిందా అన్నది ముందే తేల్చుకోండి.

అమ్మేవారికి ముందే చెప్పాల్సింది?
ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే రేటు వేరు.

ఒరిజినల్స్ చూపించడానికి వెనకాడితే అడ్వాన్స్ ఇవ్వకండి.