గిడుగువారి రెండు తరములు

ఏటేటా ఆగస్టు 29వ తేదీన గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారి జన్మదినమును తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుట మనకు ఆచారమైనది. ఆనాటి సభలలో వక్తలందఱును వ్యావహారికభాషోద్యమమును గూర్చియే ప్రసంగింతురు. కొండజాతివారైన సవరల పేరెత్తువారు అరుదు. కాని పర్లాకిమిడిలోని ఒక యింట తండ్రి మొదలిడి, కుమారుడు చేయందించి, ఉభయులును తమ జీవితములలోని ఉత్తమభాగమును ధారవోసిన సవరభాషావ్యాసంగమే ఆ ఉద్యమమునకు పునాది యని నా నమ్మకము. అట్టి ఉద్యమనాయకుని చరిత్రమును గ్రాంథికచ్ఛాయ గల భాషలో వ్రాయబూనుట సాహసమే. పంతులుగారు నేడు జీవించియున్నచో ఇందలి వ్యాకరణదోషములను ఏఱి ఒక పట్టిక తయారుచేసి సంపాదకులకు పంపియుండెడివారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’లో గ్రాంథికవాదులకు వారొనర్చిన ఉపకారము అట్టిదే గదా!

పంతులుగారు 1863లో శ్రీకాకుళప్రాంతమున, శ్రీముఖలింగక్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో వారు గతించుటతో పండ్రెండేండ్ల బాలుడు చదువుకొఱకు విజయనగరము చేరవలసివచ్చెను. అచ్చటి మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ముగిసినది. మఱుసటియేడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయపదవి లభించినది. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలను పాఠములు చెప్పుకొనుచునే, ప్రైవేటుగా చదివి, 1886లోను 1894లోను ఉత్తీర్ణులైరి.

చరిత్రము బోధించు ఉపాధ్యాయునకు పాఠ్యపుస్తకమే చాలును. ఆ కాలమున అంతకు మించి కోరినవారు లేరు. పంతులుగారికి మాత్రము తాము పుట్టినయూరి ప్రక్కనున్న ముఖలింగదేవాలయముల గోడలపై చెక్కియున్న అక్షరములు ఏమి చెప్పుచున్నవో తెలియనిదే మనసు నిలువలేదు. గురువు లేకయే ప్రాచీనలిపులను నేర్చి, ఆ శాసనములను చదివి, గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఆ ముఖలింగమే యని వాదించిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును, శకవర్షము 979 నాటిదానిని, పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాల్గవసంపుటమున ప్రకటించిరి. చిన్నసంస్థానపు బడిపంతులు రచన ప్రభుత్వ శాసనశాఖవారి పత్రికలో చోటు చేసికొనుట ఆ రోజులలో సామాన్యవిషయము కాదు. తరువాతి చరిత్రకు ముఖ్యమైనది మఱియొకటి: వ్యాకరణగ్రంథములు చెప్పిన తెలుగు వేఱు, శాసనములలో జనులు వ్రాసికొన్న తెలుగు వేఱు అను సంగతి ఆయనకు రాళ్లమీదనే గోచరించినది.

ఇక సవరలు. పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో వసించు ఆ జనులు తమ పంటలను, అడవిసరకులను తీసికొని సంతలకు దిగివచ్చుచుందురు. వారి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని బంధువు కాదు, ముండాభాషలలో చేరినది. లిపి లేదు, పుస్తకము లేదు, నేర్పువాడు లేడు. పంతులుగారు తెలుగు వచ్చిన సవరనొకనిని తమ యింట నుంచుకొని, వానినోట మాట విని వ్రాసికొనుచు ఆ భాషను అభ్యసించిరి. సదాచారపరాయణుల వీథిలో ఒక కొండజాతివానిని గృహమున నిలుపుకొనుట ఎంతటి నిందకు హేతువో ఆనాటి సంఘమునెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. అది చాలక సెలవుదినములలో కొండలెక్కి పల్లెలలో సంచరించిరి. మన్నెపుజ్వరము పట్టుకొన్నది, దానికై మ్రింగిన క్వినైను చెవులను దెబ్బతీసినది. ధ్వనులను గూర్చి పరిశోధించు పండితునకు వినికిడి సన్నగిల్లుటకంటె క్రూరమైన విపత్తు ఊహింపరాదు. అయినను పని ఆగలేదు.

ఆ భాషలో ఏమున్నదని ఇంత ప్రయాస? కంఠమునందు శ్వాసను తటాలున బిగబట్టి విడుచుటచే పుట్టు ధ్వనియొకటి సవరలో కలదు. దానికి తెలుగులిపిలో గుర్తు లేదు. అది ఉన్న మాటకును లేని మాటకును అర్థభేదము కలుగవచ్చును. నామములకు నిండురూపమొకటి, కుఱుచరూపమొకటి యుండును. కుఱుచరూపము క్రియలోనికి చొచ్చుకొనిపోయి, కర్మయు క్రియయు కలిసి ఒకే పదమగును. సంస్కృతవ్యాకరణపు చట్రములో దీనిని బిగించుటకు వీలులేదు. ఏ భాషకు ఆ భాషయే ప్రమాణమని, పలుకువాని నోటిని విడిచి సూత్రములను పట్టుకొన్నచో భాష చేజాఱునని పంతులుగారికి బోధించిన గురువులు నిరక్షరాస్యులైన ఆ సవరలే.

పంతులుగారు తాము సంపాదించిన జ్ఞానమును పెట్టెలో దాచలేదు. సవరబాలురకు బడులు పెట్టి, వారిభాషలోనే చదువు చెప్పించిరి. తెలుగు అక్షరములలో సవరపాటలను, కథలను, వాచకములను అచ్చొత్తించిరి. మద్రాసు ప్రభుత్వమువారు మెచ్చి పారితోషికమీయబోగా, ఆ సొమ్ము తమకక్కఱలేదనియు, దానితో సవరలకొక మంచి బడి పెట్టుడనియు కోరిరి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులములు, తెగల గ్రంథమున సవరలను గూర్చిన భాగమునకు పంతులుగారు అందించిన విషయము విశేషముగా ఉపయోగపడినది. 1913లో వారికి రావుసాహెబు బిరుదము వచ్చినది.

1906 ప్రాంతమున జె.ఏ. యేట్స్ అను పాఠశాలల పర్యవేక్షకుడు తెలుగుబోధనలోని వింతను గమనించి, పిల్లలు మాటలాడు భాష యొకటి, పుస్తకములలో చదువు భాష మఱియొకటి యేల యని ప్రశ్నించినపుడు, గురజాడవారితోపాటు పంతులుగారు వెంటనే ఆ ప్రశ్నను చేపట్టుటలో ఆశ్చర్యములేదు. సవరబాలునికి వానిభాషలో చదువు చెప్పవచ్చునన్నవారు తెలుగుబాలునికి వానిభాష యేల కూడదని యడుగకుందురా? 1911లో ఉద్యోగము విరమించినది మొదలు తుదిదాక ఆయన శక్తి యెల్ల ఆ వివాదమునకే వినియోగమయ్యెను. స్కూలు ఫైనల్ పరీక్షలో వాడుకభాషలోను వ్రాయవచ్చునన్న ఉత్తర్వు వచ్చుట, గ్రాంథికవాదులైన జయంతి రామయ్యపంతులుగారి పక్షము గగ్గోలుపెట్టుట, ఉత్తర్వు వెనుకకు పోవుట, 1919లో వీరేశలింగముగారు అధ్యక్షులుగా వ్యావహారికభాషాసమాజము ఏర్పడుట, ఆ యేటనే ‘తెలుగు’ పత్రిక వెలువడుట: ఇవి యెల్లరెఱిగినవే, విస్తరింపను.

ఇచ్చటనే రెండవతరపు ప్రసక్తి ఆవశ్యకమగుచున్నది. పెద్దకుమారుడు సీతాపతిగారు 1885లో జన్మించిరి; బాల్యమునుండియు ఇంట సవరభాష వినబడుచుండగా పెరిగిరి. తండ్రి పాఠశాలలో నేర్చుకొనినది తెలుగు, ఇంగ్లీషు. కుమారుడు వాటితోపాటు కొండభాషను పెరట్లోనే నేర్చెను. తండ్రి ఊరూరు తిరిగి సభలలో వాదించుచున్న సంవత్సరములలో సవరపదసంగ్రహము ఆగకుండుటకు కుమారుని తోడ్పాటే కారణమనుట న్యాయము. చెవులు మందగించిన తండ్రికి, అంతర్జాతీయ ధ్వనిలిపిలో ప్రతి సవరమాటను ఉచ్చారణానుసారముగా గుర్తింపవలసివచ్చినపుడు, కుమారుని చెవి ఎంత అక్కఱకు వచ్చియుండునో ఊహింపవచ్చును. 1931లో మద్రాసులో అచ్చయిన సవరభాషా వ్యాకరణమునందును, 1933 నాటి ఇంగ్లీషు-సవర నిఘంటువునందును, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువునందును ముఖపత్రముపై నున్నది తండ్రిపేరే. ఇట్టి పండితకుటుంబములలో కుమారుల శ్రమ తండ్రుల కీర్తిలో కలిసిపోవుట లోకసహజము. సీతాపతిగారు దానినొక కొఱతగా భావించిన జాడ వారి రచనలలో నాకు కనిపింపలేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రము అవతరించినది. తెలుగువారు అధికముగానున్న పర్లాకిమిడి దానిలో చేర్పబడినది. దానిని ఎదిరించి పోరాడిన పంతులుగారు ఆ ఉదయముననే, అర్ధశతాబ్దికిపైగా నివసించిన పట్టణమును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పాఠశాలను నడిపిన రాజకుటుంబమే కొత్తరాష్ట్రమునకు అండయైనందున ఆ నిష్క్రమణము మఱింత కఠినమై యుండును. అదే యేట మంగేయి గమాంగ్ అను సవర తన జాతిభాషకు సొరంగ్ సొంపెంగ్ అను ప్రత్యేకలిపిని కల్పించెను. పంతులుగారు తెలుగులిపి పనికివచ్చునని మొదలిడి, ధ్వనిలిపి కావలెనని ముగించిరి. సవరలు మాత్రము ఆ రెండింటిని కాదని తమలిపిని తామే నిర్మించుకొనిరి. ఇందులో ఎవరి ఓటమియు లేదు. భాషను పలుకువానికే అధికారమని జీవితమంతయు వాదించిన మనుజునకు ఈ వార్త సంతోషమునే కలిగించియుండవలెను.

1938లో ఆంధ్రవిశ్వవిద్యాలయము పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో వారు దివంగతులైరి. అంతకు కొలదిదినములముందే పత్రికలవారిని, పండితులను పిలిచి వాడుకభాషను గూర్చి కడసారి విజ్ఞప్తి చేసిరి.

సీతాపతిగారి సొంతరేఖ అంతకుముందే స్పష్టపడుచుండెను. తండ్రి దృష్టి యెల్ల భాషపై నిలిచినది. కుమారుని దృష్టి భాషనాడు మనుజులవైపు సాగినది. 1938 మొదలు ఆంధ్రేతిహాసపరిశోధకమండలి పత్రికలో సవరలను గూర్చియు వారి దేశమును గూర్చియు ఇంగ్లీషులో వెలువరించిన వ్యాసపరంపరలో వారి ఇండ్లు, పంటలు, పితృకర్మలు, దేవతలు చోటుచేసికొన్నవి. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతమును గూర్చి పెద్దగ్రంథము వ్రాయునపుడు ఈ తండ్రీకొడుకుల రచనలను ఆశ్రయించెను. ఆంగ్లేయుడైన ఎల్విన్‌కు వచ్చిన ప్రఖ్యాతి, ఆయనకు ముందుగా అదే నేలపై నడిచిన సీతాపతిగారికి రాలేదనుట చేదువాస్తవము.

వారు కేవలము సవరపండితులు కారు. పిల్లలకు పాటలు వ్రాసిరి, నాటకములలో, చలనచిత్రములలో వేషములు వేసిరి, తెలుగు భాషాసమితివారి విజ్ఞానసర్వస్వమునకు సంపాదకత్వము వహించిరి. తండ్రి ఒకేవిషయమును పట్టి విడువని పట్టుదలవాడు. కుమారుడు పలువిషయములందు రుచి గలవాడు. ఇది పతనమని కొందఱనవచ్చును, నేననను. తండ్రి గెలిచిపెట్టిన వాడుకభాషలో హాయిగా విహరించుటకు రెండవతరమునకు హక్కు కలదు. సాహిత్య అకాడమీ 1968లో ప్రకటించిన వారి తెలుగుసాహిత్యచరిత్రము ఇంగ్లీషులోనున్నది. పరభాషీయుని చేతబట్టుకొని నన్నయనాటినుండి తన కాలమువఱకు నడిపించు గ్రంథమది. మఱుసటి యేడు, ఎనుబదినాలుగేండ్ల వయసున, సీతాపతిగారు హైదరాబాదులో కన్నుమూసిరి. అప్పటికి అమెరికాలో స్టాన్లీ స్టరోస్టా సవరవాక్యరచనపై సిద్ధాంతగ్రంథము సమర్పించి రెండేండ్లైనది. ఆ భాషను గూర్చి పరిశోధింపబూనిన విద్వాంసులు మొదట తెఱవవలసిన పుస్తకము నేటికిని 1931 నాటి ఆ వ్యాకరణమే.