ఇ-సిగరెట్ ద్రవం ఇంట్లో కలుపుకోవడం: పొదుపు, విషం, చట్టం

ఇ-సిగరెట్‌లో వేడెక్కి ఆవిరిగా మారే ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకునే అలవాటు బ్రిటన్, అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో ఈ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లోనే పుట్టి స్థిరపడినా, ఆ సీసాలో కలిసే పదార్థాలకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. స్వీడన్ రసాయనవేత్త షీలే 1779లో ఆలివ్ నూనెను సీసపు ఆక్సైడ్‌తో కాచి, తియ్యగా చిక్కగా ఉండే గ్లిజరిన్‌ను రాబట్టాడు. 1828లో హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రీమాన్ పొగాకు నుంచి నికోటిన్‌ను వేరుచేశారు. గ్లిజరిన్ కన్నా పలుచగా ఉండి వాసనలను బాగా పట్టి ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త వుర్ట్జ్ చేతుల్లో రూపుదిద్దుకుంది. చైనా ఔషధ నిపుణుడు హాన్ లిక్ 2003లో తన పరికరాన్ని రూపొందించినప్పుడు కొత్తగా కనిపెట్టింది ఆ పరికరాన్నే తప్ప అందులో పోసే ద్రవాన్ని కాదు.

తొలినాళ్ల ఇ-సిగరెట్లకు ద్రవం నింపిన గొట్టాలను కంపెనీలే అమ్మేవి. వాడేవారే నింపుకోగల పరికరాలు వచ్చాక, సీసా ధరలో ద్రవం విలువ ఎంత తక్కువో వారికి తెలిసివచ్చింది. మందుల, ఆహార, సౌందర్య సాధనాల పరిశ్రమల కోసం పెద్ద ఎత్తున తయారయ్యే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ చవకగా దొరుకుతాయి, ద్రవంలో సింహభాగం వాటిదే. నికోటిన్, సువాసన ద్రవ్యాలు పడేది కొద్ది పాళ్లలో. సిగరెట్ మానుదామని ఇటు మళ్లినా ద్రవం ఖర్చు భరించలేని చిన్న జీతగాళ్లకు ఇంటి తయారీ సహజంగానే ఆకర్షణీయమైంది.

అయితే ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో వారికి నేర్పినవి ఇ-సిగరెట్‌కు సంబంధం లేని పాత విషాదాలే. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును చౌక ద్రావకమైన డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మగా వందమందికి పైగా మరణించారు. తియ్యగా ఉంటూ మూత్రపిండాలను నాశనం చేసే ఈ రసాయనమే 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో రోగులకిచ్చిన గ్లిజరిన్‌లో కలిసి 14 మందిని బలిగొంది. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షించిన 18 ఇ-సిగరెట్ గొట్టాల్లో ఒకదానిలో ఇది సుమారు 1 శాతం బయటపడింది. పారిశ్రామిక గ్లిజరిన్ మరికాస్త చవకగా దొరుకుతున్నా ఔషధ ప్రమాణ గ్రంథం నిర్దేశించిన శుద్ధత ఉన్నదే కొనాలన్న నియమం ఇంటి తయారీలో మొదటిదిగా నిలవడానికి ఈ నేపథ్యమే బలమైన సమర్థన. మిగతా నియమాలన్నిటికన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

రెండో ప్రమాదం నికోటిన్ గాఢతలో ఉంది. మిల్లీలీటరుకు 72 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న గాఢ ద్రావణంతో, మిల్లీలీటరుకు 6 మిల్లీగ్రాములుండే 100 మిల్లీలీటర్ల ద్రవం చేయాలంటే దాదాపు 8.3 మిల్లీలీటర్లు చాలు. లెక్కలో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే గాఢత పదింతలవుతుంది. మనిషిని చంపడానికి 60 మిల్లీగ్రాముల నికోటిన్ చాలునన్న పాఠ్యపుస్తకాల మాట 19వ శతాబ్దపు నమ్మదగని స్వీయ ప్రయోగాల నుంచి వచ్చిందనీ, ఆ మోతాదు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా ఉండవచ్చనీ గ్రాజ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బెర్న్‌డ్ మాయర్ వాదించాడు. ఆ వాదన పెద్దలకు కొంత ఊరట కావచ్చు గాని పసిపిల్లలకు కాదు: ఆ గాఢ ద్రావణం ఒక్క చెంచాలోనే 360 మిల్లీగ్రాములుంటుంది, నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి ఇంకుతుంది. ఇ-సిగరెట్ ద్రవాల గురించి అమెరికా విష సమాచార కేంద్రాలకు 2010 సెప్టెంబరులో ఒకే ఒక్క పిలుపు రాగా 2014 ఫిబ్రవరిలో 215 వచ్చాయి, ఇలాంటి పిలుపుల్లో సగానికి పైగా అయిదేళ్లలోపు పిల్లలకు సంబంధించినవే. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పసివాడు ప్రాణం కోల్పోయాక, నికోటిన్ సీసాలకు పిల్లలు తెరవలేని మూతలు తప్పనిసరి చేసే చట్టం 2016 జనవరిలో వచ్చింది. చేతి తొడుగులు, తాళం వేసిన అర, పేరూ గాఢతా రాసిన చీటీ ఖరీదైనవేమీ కావు. సిరంజిల స్థానంలో చిన్న తూకపు యంత్రం రావడమూ మేలే చేసింది. చిక్కని గ్లిజరిన్ సిరంజికి అంటుకుని కొలతను తప్పిస్తుంది గాని, 10 మిల్లీలీటర్ల గ్లిజరిన్ దాదాపు 12.6 గ్రాములు తూగుతుందని తెలిస్తే సీసాలోకే పోస్తూ తూచవచ్చు.

సువాసనల విషయంలో పాఠం పాప్‌కార్న్ కర్మాగారం నుంచి వచ్చింది. 2000లో మిస్సోరీలోని అలాంటి కర్మాగారపు మాజీ కార్మికులు ఎనిమిది మందికి, వెన్న వాసననిచ్చే డైఅసిటైల్ పీల్చడం వల్ల, ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు బయటపడింది. కడుపులోకి వెళ్తే హాని చేయనిది ఊపిరిలోకి వెళ్తే చేయవచ్చని ఆ ఘటన తేల్చింది. అలాగే 2019-20లో అమెరికాలో విటమిన్ ఇ అసిటేట్ అనే నూనెతో కల్తీ అయిన గంజాయి సారపు గొట్టాలు ప్రధాన కారణంగా 68 మంది మరణించడం, వంటింటి నూనెలు, నూనెలో చేసిన ఎసెన్సులు ఈ సీసాల దరిదాపులకు రాకూడదన్న హెచ్చరికకు తిరుగులేని రుజువైంది.

చట్టాలు ఈ అలవాటును అరికట్టకపోగా కొన్నిచోట్ల దాని రూపాన్నే మార్చాయి. నికోటిన్ ద్రవం సీసా 10 మిల్లీలీటర్లకూ, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకూ మించరాదని ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశంలో నిర్ణయించగా, 2016 మే నుంచి దాన్ని అమలుచేసిన బ్రిటన్‌లో వ్యాపారులు నికోటిన్ లేని 50 మిల్లీలీటర్ల ద్రవాన్ని 60 మిల్లీలీటర్ల సీసాలో అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఖాళీలో మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాములున్న చిన్న సీసా ఒంపుకుంటే మొత్తం ద్రవం మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల గాఢతకు చేరుతుంది. జర్మనీ మాత్రం 2022 జులైలో నికోటిన్ లేని ద్రవానికీ మిల్లీలీటరుకు 16 సెంట్లతో పన్ను మొదలుపెట్టి, ఇంటి తయారీలోని పొదుపునే దెబ్బతీసింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు నికోటిన్ కొత్త కాదు. పొగాకు కషాయాన్ని పైరు పురుగులపై చల్లడం తెలుగునాట పాత సేద్యపు పద్ధతే. కాని 2019 సెప్టెంబరు ఆర్డినెన్సు, ఆ డిసెంబరు చట్టం భారతదేశంలో ఇ-సిగరెట్ల, వాటి భాగాల తయారీని పూర్తిగా నిషేధించి, మొదటిసారి పట్టుబడినవారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ నిర్దేశించాయి. అందువల్ల ఈ తయారీ ఇక్కడ చదివి తెలుసుకోవలసిన విషయమే గాని చేసి చూడవలసినది కాదు.