చీరాల నేత, మద్రాసు పేరు

పోయిన భాగంలో పత్తి దగ్గర ఆగాం. ఇప్పుడు మగ్గం దగ్గరికి వద్దాం.

చీరాల చుట్టుపక్కల ఊళ్లలో నేసిన గళ్ల బట్ట పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. దాని పేరు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్'. నేసిన ఊరి పేరు లేదు, అమ్మిన రేవు పేరుంది! గడి ఎంత ఉండాలో, ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో అక్కడి గిరాకీని బట్టి ఎగుమతిదారులు చెప్పేవాళ్లు. నైజర్ డెల్టాలో కలబారి ప్రజలు దాన్ని 'ఇంజిరి' అన్నారు. వాళ్లకు పుట్టుకకూ చావుకూ ఆ బట్టే కావాలి. పైగా అక్కడి ఆడవాళ్లు పోగులు కోసి, లాగేసి అందులోంచి కొత్త నమూనా తీశారు. వ్యాపారి గడిని తమది చేసుకోవడమంటే నాకు అదీ.

అమెరికాలో నవాహో రగ్గులకు గనాడో, క్రిస్టల్ అని వర్తకుల దుకాణాలున్న చోట్ల పేర్లే పడ్డాయి. గనాడోలో హబెల్ అనే వర్తకుడు నమూనాల బొమ్మలు వేయించి గోడకు తగిలించాడు, చూసి నేయమని. అక్కడ కనీసం నేతగాళ్ల నేల పేరు మిగిలింది.

అంతకన్నా పాత లెక్క ఇంకొకటుంది. 17, 18 శతాబ్దాల్లో ఐరోపా వర్తకులు కోరమాండల్ తీరపు బట్టలిచ్చి పశ్చిమ ఆఫ్రికాలో మనుషుల్ని కొన్నారు. చేనేత వైభవం మీద ఉపన్యాసాల్లో ఈ మాట నేను వినలేదు.

మాలల నేత గురించీ వినలేదు. చేనేత అంటే పద్మశాలీలు, దేవాంగులు, అంతే. మాలలు ముతక బట్ట నేసేవాళ్లని థర్‌స్టన్ 1909లోనే అచ్చువేశాడు. నా క్లాసులో మాల పిల్లలకే ఇది కొత్త సంగతి. మీ ఇంట్లో అడగండి, మగ్గం గుంట ఎక్కడుండేదో. చెప్పింది రాసి పెట్టండి.